క్లౌనీని వదులుకోవద్దు! వదులుకోనివ్వద్దు!

డాలస్ - ఫోర్ట్‌వర్త్ ప్రాంతంలోని తెలుగు కౌబాయ్స్ అభిమానులకు విజ్ఞప్తి

ఫ్రిస్కో, ఫిబ్రవరి 2026



ఫిబ్రవరి 8న జరిగిన సూపర్ బౌల్ మీరంతా చూసే ఉంటారు. సియాటిల్ సీహాక్స్ 29-13 స్కోరుతో న్యూ ఇంగ్లండ్ పేట్రియట్స్‌ను మట్టికరిపించింది. ఆ గెలిచిన గుంపులో డిమార్కస్ లారెన్స్‌ను చూసి మీ కడుపు మండిందా? మాకు మండింది. 2014 నుంచి 2024 దాకా పదకొండు సీజన్లు మన హెల్మెట్ పెట్టుకుని ఆడిన మనిషి అతను. 2025 మార్చిలో ఒప్పందం ముగిస్తే మన యాజమాన్యం పోతే పోనీ అంది. డాలస్‌లో ఉంటే నాకు సూపర్ బౌల్ దక్కదని వెళ్ళాక బాహాటంగానే చెప్పాడు. ఆ మాటకు మనం అతన్ని నానా మాటలూ అన్నాం. ఏడాది తిరక్కుండానే అతను గెలిచి చూపించాడు.

ఇది మొదటిసారి కూడా కాదు. డిమార్కస్ వేర్ మన జట్టుకు 117 శాక్‌లు సంపాదించి పెట్టాడు. 2014 మార్చిలో డబ్బు సర్దుబాటు కాలేదని అతన్ని విడిచిపెట్టారు. డెన్వర్ వెళ్ళాడు. 2016 ఫిబ్రవరిలో జరిగిన 50వ సూపర్ బౌల్‌లో రెండు శాక్‌లు చేసి కప్పు గెలిచాడు. 2023లో హాల్ ఆఫ్ ఫేమ్‌లో చేరాడు. ఇక మైకా పార్సన్స్ సంగతి చెప్పుకుంటే గాయం మళ్ళీ రేగుతుంది. నాలుగు సీజన్లలో 52.5 శాక్‌లు చేసినవాణ్ణి 2025 ఆగస్టు 28న, సీజన్ మొదలు కావడానికి వారం ముందు, గ్రీన్ బే ప్యాకర్స్‌కు అప్పగించారు. వాళ్ళు వెంటనే 188 మిలియన్ డాలర్ల ఒప్పందం అతని చేతిలో పెట్టారు.

వీళ్ళంతా పాస్ రషర్లే. ఇప్పుడు వాకిట్లో నిలబడ్డ తరువాతి పాస్ రషర్ జడేవియన్ క్లౌనీ. మార్చి రెండో వారంలో ఫ్రీ ఏజెంట్ల (ఒప్పందం ముగిసిన ఆటగాళ్ళ) సంత తెరుచుకుంటుంది. ఆ తలుపు తెరుచుకునేలోపు క్లౌనీతో మళ్ళీ సంతకం చేయించాలి. ఈ కరపత్రం వేసింది ఆ ఒక్క మాట చెప్పడానికే.

పాస్ రషర్ అంటే ఎవరు?

ఇంట్లో ఆదివారం మధ్యాహ్నం మీరు టీవీ ముందు అరుస్తుంటే, ఏమిటా గోల అని అడిగే అమ్మానాన్నల కోసం ఈ నాలుగు ముక్కలు. మన కబడ్డీలో కూతకు వచ్చినవాడి ఊపిరి ఎంతసేపు నిలుస్తుందో అంతసేపే వాడికి బలం. క్వార్టర్‌బ్యాక్‌కు కూడా అలాంటి గడువే ఉంటుంది. బంతి చేతికందాక రెండున్నర, మూడు సెకన్లు. ఆలోపు దూరంగా పరుగెత్తే తనవాడికి బంతి విసరాలి. మధ్యలో ఒక్కొక్కరు 300 పౌండ్ల బరువుండే కాపలాదారులు అడ్డం నిలబడతారు. వాళ్ళను తప్పించుకుని, తోసుకుని, అంచు నుంచి చుట్టి వచ్చి క్వార్టర్‌బ్యాక్‌ను నేలకు కొట్టేవాడే పాస్ రషర్. అలా కొడితే దాన్ని శాక్ అంటారు. కొట్టకపోయినా, మీదికి వస్తున్నాడన్న భయంతో క్వార్టర్‌బ్యాక్ తొందరపడి విసిరితే, ఆ బంతి మనవాడి చేతిలో పడే అవకాశం పెరుగుతుంది.

ఈ పని చేసేవాడు లేనప్పుడు వెనకాల ఎంత గొప్ప ఆటగాళ్ళున్నా లాభం లేదు. నాలుగైదు సెకన్లు తీరిగ్గా నిలబడి విసిరేవాణ్ణి ఎవరూ ఆపలేరు. ఆ సంగతి మనకు 2025 సీజన్ పూసగుచ్చినట్టు నేర్పింది.

మన గోడు

పోయిన సీజన్‌లో మనకు 7 గెలుపులు, 9 ఓటములు, 1 టై. సెప్టెంబరు 28న ఆర్లింగ్టన్‌లో, పార్సన్స్ తిరిగి వచ్చిన రోజున, ప్యాకర్స్‌తో 40-40. నలభై పాయింట్లు కొట్టి కూడా గెలవలేని రాత్రి అది. మన క్వార్టర్‌బ్యాక్ డాక్ ప్రెస్కాట్ తప్పేమీ లేదు. అతని వైపు ఆట బాగానే సాగింది. మన రక్షణ దళం మాత్రం మ్యాచ్‌కు సగటున 30 పాయింట్లు సమర్పించుకుని లీగ్‌లో అట్టడుగున నిలిచింది. డిఫెన్సివ్ కోఆర్డినేటర్ మ్యాట్ ఎబర్‌ఫ్లూస్‌ను జనవరిలో సాగనంపారు. ఫిలడెల్ఫియా నుంచి క్రిస్టియన్ పార్కర్‌ను తెచ్చారు.

అంత అధ్వాన్నమైన దళంలో అంచున గట్టిగా నిలబడ్డవాడు క్లౌనీ. అతను శిక్షణ శిబిరంలో లేడు. ఆగస్టు సన్నాహక మ్యాచ్‌ల్లో లేడు. మే నెలలో కరోలినా పాంథర్స్ వదిలేస్తే ఇంట్లో కూర్చున్నాడు. పార్సన్స్ పోయాక, సీజన్ మొదలయ్యాక, సెప్టెంబరులో మనవాళ్ళు ఫోన్ చేశారు. వచ్చాడు. 13 మ్యాచ్‌లు ఆడాడు. 8.5 శాక్‌లు చేశాడు. జట్టులో అందరికంటే ఎక్కువ అవే. అందుకు మనం పెట్టిన ఖర్చు, అన్ని బోనస్‌లూ కలిపితే గరిష్ఠంగా 6 మిలియన్ డాలర్లని పత్రికలు రాశాయి. 2025లో జట్టుకు ఒక్కింటికి శాలరీ క్యాప్ (ఆటగాళ్ళ జీతాల మీద లీగ్ పెట్టిన పరిమితి) 279.2 మిలియన్లు. అంటే వందకు రెండు డాలర్ల పైచిలుకు మాత్రమే.

ఇంతకంటే చవకగా ఇంతకంటే ఎక్కువ పని చేసినవాణ్ణి మన జట్టులో చూపించండి. చూపిస్తే ఈ కరపత్రం వెనక్కి తీసుకుంటాం.

క్లౌనీ పూర్వాపరాలు

2014 డ్రాఫ్టులో దేశం మొత్తం మీద మొదటి ఎంపిక అతనే. తీసుకున్నది మన పక్కనున్న హ్యూస్టన్ టెక్సన్స్. హ్యూస్టన్‌లో చదివి, ఉద్యోగం చేసి ఇటు మారిన తెలుగువాళ్ళలో చాలామందికి అతను అప్పుడే అలవాటు. కాలేజీలో సౌత్ కరోలినా తరఫున ఆడుతూ 2013 జనవరి 1న మిషిగన్ ఆటగాడొకణ్ణి కొట్టిన దెబ్బకు హెల్మెట్ ఎగిరిపడింది. ఆ వీడియో ఇప్పటికీ తిరుగుతూనే ఉంది. మొదటి ఏడాదే మోకాలికి పెద్ద శస్త్రచికిత్స జరిగింది. కోలుకుని 2016, 2017, 2018ల్లో వరసగా మూడుసార్లు ప్రో బౌల్‌కు ఎంపికయ్యాడు. తరువాత సియాటిల్, టెనెసీ, క్లీవ్‌లాండ్, బాల్టిమోర్, కరోలినా, చివరికి డాలస్.

ఒక్క సీజన్‌లో కూడా పది శాక్‌లు దాటలేదు. 2017లో హ్యూస్టన్‌లో 9.5, 2023లో బాల్టిమోర్‌లో 9.5, అదే అతని శిఖరం. దీన్ని దాచిపెట్టం. మనం అడుగుతున్నది మరో పార్సన్స్‌ను కాదని మాకూ తెలుసు. క్లౌనీ విలువ శాక్ లెక్కలో సగమే కనబడుతుంది. అంచున నిలబడి, పరుగు తీసేవాణ్ణి బయటికి పోనివ్వకుండా లోపలికి మళ్ళించే పనిలో అతను మొదటి నుంచీ మొనగాడు. పోయిన ఏడాది మనల్ని పరుగుతోనూ చీల్చారు, విసురుతోనూ చీల్చారు. రెండింటికీ పనికొచ్చే మనిషి చేతిలో ఉండగా బజార్లో వెతకడం దేనికి?

వద్దనేవాళ్ళకు జవాబు

“వయసు మీద పడింది” అంటున్నారు. నిజం. ఈ ఫిబ్రవరి 14కు 33 నిండాయి. అందుకే మేం మూడేళ్ళ ఒప్పందం అడగడం లేదు. ఒక్క ఏడాది అడుగుతున్నాం. గుర్తుంచుకోండి, 9.5 శాక్‌లు రెండోసారి చేసింది 30 దాటాకే. 8.5 చేసింది 32లో.

“క్లీవ్‌లాండ్‌లో ఏం జరిగిందో చూడండి” అంటున్నారు. ఇది గట్టి వాదన. గట్టిగానే జవాబు చెప్పాలి. 2021లో బ్రౌన్స్ జట్టులో క్లౌనీ 9 శాక్‌లు చేశాడు. వాళ్ళు మురిసిపోయి 2022కు సుమారు 10 మిలియన్ డాలర్లు పెట్టి మళ్ళీ తీసుకున్నారు. ఆ ఏడాది వచ్చినవి రెండే రెండు శాక్‌లు. చివర్లో జట్టు మీద అసంతృప్తి పత్రికలవాళ్ళ ముందు వెళ్ళగక్కాడు. ఆఖరి మ్యాచ్‌కు ముందు ఇంటికి పంపేశారు. అంటే అతన్ని వరసగా రెండో ఏడాదికి తీసుకుని మురిసినవాళ్ళు చేతులు కాల్చుకున్నారు. కాదనం. అయితే క్లీవ్‌లాండ్ చేసిన పొరపాటు మళ్ళీ తీసుకోవడంలో లేదు. గడిచిన ఏడాది శాక్‌లకు రాబోయే ఏడాది డబ్బు ముందే చేతిలో పోయడంలో ఉంది. ఆడిన మ్యాచ్‌కు ఇంత, చేసిన శాక్‌కు ఇంత అని రాసుకుంటే ఆ ప్రమాదం యాజమాన్యం జేబుకు తగలదు.

“పాతవాళ్ళను వెనక్కి తెస్తే ఏమైందో డాంటే ఫౌలర్‌ను అడగండి” అని ఇంకొందరు. ఫౌలర్ 2024లో వాషింగ్టన్‌లో 10.5 శాక్‌లు చేసి మన దగ్గరికి తిరిగొచ్చాడు. ఇక్కడ ఆ జోరు కనబడలేదు. ఒప్పుకుంటాం. తేడా ఒకటుంది. ఫౌలర్ లెక్క వేరే ఊళ్ళో, వేరే దళంలో చేసినది. క్లౌనీ లెక్క ఇక్కడ, ఈ చితికిపోయిన దళంలో చేసినది.

“డ్రాఫ్టు ఉందిగా” అంటారు మరికొందరు. ఉంది. ఏప్రిల్‌లో పిట్స్‌బర్గ్‌లో జరిగే డ్రాఫ్టులో మనకు మొదటి రౌండులో రెండు ఎంపికలు. ఒకటి మనది, రెండోది పార్సన్స్‌కు బదులుగా ప్యాకర్స్ ఇచ్చినది. కానీ రెండో రౌండ్ ఎంపికను క్విన్నెన్ విలియమ్స్ కోసం జెట్స్‌కు ఇచ్చేశాం. ఉన్న రెండింటితో లైన్‌బ్యాకర్ కావాలి, వెనక కాపలాకు మనుషులు కావాలి, అంచుకు కుర్రాడూ కావాలి. అంచుకు కుర్రాణ్ణి తెచ్చినా మొదటి ఏడాదే భారం మోస్తాడని నమ్మకం లేదు. 2025లో రెండో రౌండులో తెచ్చుకున్న డొనోవన్ ఎజెరువాకు మంచి ఆటగాడు, కష్టజీవి. అతని చేతికి మొదటి సీజన్‌లో శాక్‌లు విరివిగా అందలేదు. నిన్న కాలేజీ నుంచి వచ్చినవాడు మొదటి ఆదివారమే లీగ్‌లోని ఉద్దండులను దాటుకుని పోవాలంటే ఎలా? కుర్రాణ్ణి తెండి. పక్కన పన్నెండేళ్ళ అనుభవం ఉన్నవాణ్ణి నిలబెట్టండి. రెండూ కావాలి.

“కొత్త కోచ్ పద్ధతికి సరిపోతాడా?” అనే అనుమానమూ ఉంది. పార్కర్ ఫిలడెల్ఫియాలో విక్ ఫాంజియో దగ్గర పని చేసి వచ్చాడు. ఆ బడిలో పాఠం ఒకటే: మీదికి నలుగురినే పంపు, మిగతా ఏడుగురినీ వెనక కాపలాకు ఉంచు. అంటే ఆ నలుగురే క్వార్టర్‌బ్యాక్‌ను కదిలించాలి. నడిమధ్య క్విన్నెన్ విలియమ్స్, కెన్నీ క్లార్క్ ఉన్నారు. ఇద్దరూ మధ్య నుంచి తోస్తుంటే అంచు నుంచి వచ్చేవాడికి పంట పండినట్టే. నిలబడి ఆడే అవుట్‌సైడ్ లైన్‌బ్యాకర్‌గా హ్యూస్టన్‌లోనూ, బాల్టిమోర్‌లోనూ క్లౌనీ ఆడి చూపించాడు. కొత్తగా నేర్చుకోవలసింది తక్కువ.

అసలు జబ్బు ఆలస్యం

ఇక యాజమాన్యం వైపు నుంచి వచ్చే మాట మనకు ముందే తెలుసు. “తొందరేముంది, ఆగస్టు దాకా చూద్దాం. క్లౌనీ ఎప్పుడూ ఆలస్యంగానే సంతకం పెడతాడు” అంటారు. 2020లో టెనెసీతో సెప్టెంబరులో, 2023లో బాల్టిమోర్‌తో ఆగస్టులో పెట్టిన మాట వాస్తవమే. దానికీ మన యాజమాన్యం అలవాటుకూ పోలిక పెట్టుకుని చూడండి. 2024లో సీడీ ల్యాంబ్ ఒప్పందం ఆగస్టు 26న. డాక్ ప్రెస్కాట్ ఒప్పందం సెప్టెంబరు 8న, క్లీవ్‌లాండ్‌లో తొలి మ్యాచ్ ఆడబోయే రోజు పొద్దున. ప్రతిసారీ ఆలస్యం చేసే కొద్దీ బజారు ధర పెరిగింది, పెరిగిన ధరే కట్టారు. పార్సన్స్ విషయంలో ఆలస్యం ముదిరి మనిషే చేజారాడు. 2022లో రాండీ గ్రెగరీతో మాట ఖాయమైందని ప్రకటించుకున్నారు. ఒప్పందంలోని ఒక షరతు దగ్గర బెడిసి అదే రోజు డెన్వర్‌కు వెళ్ళిపోయాడు. గ్రెగరీ అక్కడ పెద్దగా రాణించలేదు కాబట్టి బతికిపోయాం. ప్రతిసారీ అదృష్టం కాపాడదు.

ఆలస్యం అమృతం విషం అన్నారు మన పెద్దలు. మార్చిలో 5, 6 మిలియన్లకు వచ్చేవాడు, ఆగస్టులో ఎవరో గాయపడ్డ మరో జట్టు పిలిస్తే అటు పోతాడు. అప్పుడు ఫ్రిస్కోలో ఆఫీసు కిటికీలోంచి చూస్తూ కూర్చోవడమే.

ఒప్పందం ఎలా ఉండాలి?

మా డిమాండ్లు స్పష్టంగా ఇవీ:

1. ఒక్క ఏడాది ఒప్పందం. మార్చిలో సంత తెరుచుకునేలోపు.

2. ఖాయంగా ఇచ్చే సొమ్ము పోయిన ఏడాది స్థాయికి దగ్గరగా. గౌరవానికి కొంత పెంపు సరే.

3. ఆడిన ప్రతి మ్యాచ్‌కు విడిగా సొమ్ము. గాయంతో కూర్చుంటే జట్టు నష్టపోకూడదు, ఆడితే ఆటగాడు నష్టపోకూడదు.

4. పోయిన ఏడాదికి మించి శాక్‌లు చేస్తేనే పెద్ద బోనస్. లీగ్ నిబంధనల ప్రకారం, పోయిన సీజన్‌లో అందుకోని లక్ష్యానికి పెట్టిన బోనస్‌ను ఈ ఏడాది క్యాప్‌లో ముందుగా లెక్కించరు. అందుకుంటే తరువాతి ఏడాది లెక్కలో పడుతుంది. 8.5 చేసినవాడికి 9 మీద, 10 మీద బోనస్ పెడితే ఇవాళ క్యాప్ మీద బరువుండదు. అతను 10 శాక్‌లు చేస్తే ఆ బిల్లు చూసి ఏడ్చే అభిమాని ఉండడు.

5. క్లౌనీ వచ్చాడు కదా అని డ్రాఫ్టులో అంచు ఆటగాణ్ణి వదిలేయరాదు.

ఇందులో అత్యాశ ఎక్కడుంది? ఏడాదికి సగటున 60 మిలియన్ల ఒప్పందం ప్రెస్కాట్‌కు రాసిచ్చిన ఇల్లు ఇది. అతను కొట్టిన పాయింట్లు నిలవాలంటే అవతలివాణ్ణి ఆపేవాడు ఉండాలి. పైగా టెక్సాస్‌లో రాష్ట్ర ఆదాయపు పన్ను లేదు. ఆ సుఖమేమిటో కాలిఫోర్నియా, న్యూజెర్సీల నుంచి ఇటు మారిన మనవాళ్ళకు ఎవరూ చెప్పక్కర్లేదు. క్లౌనీకీ తెలుసు. అదే అంకెతో వేరే రాష్ట్రం పిలిస్తే డాలస్‌దే పైచేయి. ఆ అనుకూలతను మార్చిలో వాడుకోవాలి.

మనమేం చెయ్యగలం?

మనవాళ్ళు ఫ్రిస్కో, ప్లేనో, ఇర్వింగ్, కాపెల్, ఆలెన్, ప్రాస్పర్ ఊళ్ళ నిండా ఉన్నారు. జట్టు కార్యాలయం, సాధన మైదానం 2016 నుంచి మన ఫ్రిస్కోలోనే ఉన్నాయి. మనం ఇల్లు కొన్న ఊరి జట్టు ఇది. మన పిల్లలు బడికి వేసుకెళ్ళే చొక్కా మీద ఉన్నది ఈ నక్షత్రమే. మేం వలస వచ్చినవాళ్ళం, మాకెందుకులే అనుకోకండి. టికెట్టు కొన్న ప్రతివాడికీ అడిగే హక్కుంది.

* సీజన్ టికెట్టు ఉన్నవారు: రెన్యువల్ గురించి టికెట్ ప్రతినిధి ఫోన్ చేసినప్పుడు మొదటి మాటగా క్లౌనీ పేరు ఎత్తండి. డబ్బు కట్టేవాడి మాట రాసుకుంటారు.

* ఉత్తరం రాయండి. చిరునామా: డాలస్ కౌబాయ్స్, 1 కౌబాయ్స్ వే, ఫ్రిస్కో. పది వాక్యాలు చాలు. ఒక్కో ఇంటి నుంచి ఒక్కో ఉత్తరం వెళ్ళాలి. పిల్లల చేత రాయిస్తే మరీ మంచిది.

* 105.3 ద ఫ్యాన్ రేడియోకు ఫోన్ చెయ్యండి. జట్టు యజమాని జెర్రీ జోన్స్ గారు సీజన్‌లో మాట్లాడే స్టేషన్ అదే. యాస గురించి మొహమాటపడొద్దు. లెక్క చెప్పండి: 13 మ్యాచ్‌లు, 8.5 శాక్‌లు, 6 మిలియన్ల లోపు.

* గుడిలో కలిసినా, క్రికెట్ మైదానంలో కలిసినా, వాట్సాప్ గుంపులో అయినా ఈ కరపత్రం పదిమందికి చేర్చండి.

* ఒక్క హెచ్చరిక: ఆటగాణ్ణి గానీ, అతని కుటుంబాన్ని గానీ, జట్టు సిబ్బందిని గానీ తిట్టకండి. మన పోరాటం నిర్ణయం మీద. మనుషుల మీద కాదు.

జెర్రీ జోన్స్ గారికి, స్టీఫెన్ జోన్స్ గారికి

అయ్యా! ఈ జట్టు చివరిసారి సూపర్ బౌల్ గెలిచింది 1996 జనవరి 28న. పిట్స్‌బర్గ్‌ను 27-17తో ఓడించిన ఆ రోజుకు ముప్పై ఏళ్ళు నిండాయి. ఆ రోజుల్లో మీరు చేసిన మంచి పని ఒకటి గుర్తు చేస్తున్నాం. 1992లో శాన్ ఫ్రాన్సిస్కో వద్దనుకున్న పాస్ రషర్ చార్ల్స్ హేలీని తెచ్చుకున్నారు. అతను ఉండగా నాలుగు సీజన్లలో మూడు సూపర్ బౌల్‌లు గెలిచారు. క్వార్టర్‌బ్యాక్‌ను నేలకు కొట్టేవాడి విలువ మీకు మేం నేర్పాలా? తరువాత వేర్‌ను వదిలారు, లారెన్స్‌ను వదిలారు, పార్సన్స్‌ను అమ్మారు. ఇద్దరు బయటికెళ్ళి కప్పు గెలిచారు. మీరు ఇక్కడే ఉన్నారు. మేమూ ఇక్కడే ఉన్నాం.

క్లౌనీ ఒక్కడే కప్పు తెస్తాడని మేం చెప్పడం లేదు. క్లౌనీ కూడా పోతే, వచ్చే సెప్టెంబరులో మీరు మళ్ళీ ఇంట్లో కూర్చున్న ఎవరికో ఫోన్ చేస్తారని మాత్రం గట్టిగా చెబుతున్నాం. ప్రతి సెప్టెంబరూ క్లౌనీ దొరకడు.

కదలండి! ఉత్తరం రాయండి! ఫోన్ చెయ్యండి!

క్లౌనీతో ఏడాది ఒప్పందం వెంటనే చెయ్యాలి!

ఆగస్టు బేరాలు ఆపాలి! మార్చిలోనే సంతకం కావాలి!

ఆటకు తగ్గ డబ్బు, డబ్బుకు తగ్గ ఆట కావాలి!

ఇట్లు,
డాలస్ - ఫోర్ట్‌వర్త్ ప్రాంత తెలుగు కౌబాయ్స్ అభిమానులు

(చదివి పారేయకండి, పక్కవారికి ఇవ్వండి.)